అరగని సరుకు పాతది, అరిగే సరుకు కొత్తది: సికింద్రాబాద్ సీటీసీలో ఒక పూట

ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో, పార్క్‌లేన్‌లో ఉంటుంది చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరికీ అది సీటీసీ. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, ముంబైకి లామింగ్టన్ రోడ్, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్.పి. రోడ్ ఎలాగో జంటనగరాలకు సీటీసీ అలాగ. ఒక షాపు గాజు అద్దాల వెనుక కొత్త గ్రాఫిక్స్ కార్డులు రంగురంగుల దీపాలతో వెలుగుతుంటాయి. నాలుగడుగులు వేస్తే ప్లాస్టిక్ ట్రేలలో నిలబెట్టిన పాత ర్యాములు, గోడవారగా పేర్చిన ఆఫీసు క్యాబినెట్లు, మూట కట్టిన కేబుళ్లు. జిల్లాల నుంచి వచ్చిన సర్వీసు షాపుల వాళ్లు చేతిలో చీటీతో ఒక్కో షాపూ తిరుగుతూ సంచులు నింపుకుంటుంటారు.

2025 వర్షాకాలంలో ఒక శనివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. వాడు డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు. ఇంట్లో ఉన్న కంప్యూటర్ స్విచ్ వేస్తే టీ కాచుకుని తాగేదాకా దారికి రాదు. బ్రౌజర్‌లో రెండు పేజీలు తెరిచి, పక్కన ప్రోగ్రామ్ రాసుకుందామంటే బిగుసుకుపోతుంది. కొత్త ల్యాప్‌టాప్ మా చెల్లెలి స్తోమతకు ఇప్పట్లో అందేది కాదు. ఎనిమిది వేలు దాటకుండా ఉన్నదాన్నే పనికొచ్చేలా చేయాలి. ఇదీ మా ముందున్న పని.

వెళ్లేముందు ఇంట్లోనే సగం పని తేల్చుకున్నాం. అందులో ఉన్నది ఇంటెల్ ఐ3-4130 ప్రాసెసర్. 2013లో వచ్చిన నాలుగో తరం. హెచ్81 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. టాస్క్ మేనేజర్ తెరిచి, వాడు రోజూ చేసే పనులన్నీ చేయించి చూశాను. డిస్క్ వంద శాతం దగ్గరే కూర్చుంది. మెమరీ నిండిపోయింది. ప్రాసెసర్ మాత్రం చాలాసేపు ఖాళీగానే ఉంది. దాంతో వరస తెలిసింది: మొదట హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్, డబ్బు మిగిలితే ప్రాసెసర్. నెమ్మదిగా ఉందనగానే చాలామంది ముందు ప్రాసెసర్ మీద పడతారు. అసలు జబ్బు డిస్క్‌లో ఉంటే ఎంత పెద్ద ప్రాసెసర్ వేసినా ఆ జబ్బు అలాగే ఉంటుంది.

బోర్డు హద్దులు కూడా ముందే చూసుకోవాలి. హెచ్81 బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండే, మొత్తం 16 జీబీ దాటదు. సాకెట్ ఎల్‌జీఏ 1150, చిప్‌సెట్ హెచ్81 కాబట్టి నాలుగో తరం ప్రాసెసర్లే దానికి దిక్కు. అందులోనూ 2014లో వచ్చిన 4690, 4790 లాంటివి కొన్ని హెచ్81 బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ చేస్తేగాని పనిచేయవు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, క్యాబినెట్‌ను ఆటోలో పెట్టుకుని బయల్దేరాం. పార్టులు కొనేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా ఇదే. బోర్డు పేరు నోటితో చెప్పి కొనడం వేరు, ఆ బోర్డునే బల్ల మీద పెట్టి కొనడం వేరు.

బల్ల మీద పరీక్ష

మేం ఎక్కువసేపు గడిపిన షాపు మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయేంతది. కౌంటర్ వెనక బల్ల మీద ఒక మదర్‌బోర్డు క్యాబినెట్ లేకుండా, అట్టముక్క మీద విప్పి పెట్టి ఉంది. పక్కన మానిటర్, కీబోర్డు. పవర్ బటన్ లేదు. స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులను తాకిస్తే ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే వస్తుంది. వచ్చిన ప్రతి ప్రాసెసర్, ప్రతి ర్యామ్ ఆ బల్ల ఎక్కాకే బేరానికి వస్తుంది.

"ఏ జనరేషన్ సార్?" అన్నాడు షాపాయన. పలకరింపు అదే. కాగితం చూపించాను. మా వాడు వెంటనే, "మామా, ఐ7-4770 వేసుకుందాం, బోర్డుకు అదే పెద్దది" అన్నాడు. దాని ధర 3,300 చెప్పారు. ఐ5-4570 అయితే 1,300.

"తమ్మీ, ఐ7 అడిగేటోళ్లే ఎక్కువ. అందుకే దాని రేటు దిగదు. నీ చదువుకు ఐ5 సరిపోతది. మిగిలిన పైసలు ర్యామ్‌కు పెట్టు" అన్నాడాయన.

ఎక్కువ ధరది అమ్ముకోగలిగిన మనిషి తక్కువది చాలన్నాడు. ఆయన చెప్పిన లెక్క కూడా సరైనదే. పాత బోర్డు ఉన్నవాళ్లంతా ఆ సాకెట్‌కు సరిపోయే అన్నిటికంటే పెద్ద ప్రాసెసర్ కోసమే వెతుకుతారు. అందుకని ఏ తరంలోనైనా పైమెట్టు ప్రాసెసర్ ధర పట్టుకుని ఉంటుంది, దాని కింది మెట్టు ధర బాగా పడిపోతుంది. ఐ3-4130లో కోర్లు రెండు, ఐ5-4570లో నాలుగు. మా వాడి పనికి ఆ తేడా చాలు.

ప్రాసెసర్ ఎలా చూడాలో ఆయనే చూపించాడు. తిప్పి పట్టుకుని వెనకవైపున్న బంగారు చుక్కల మీద గీతలున్నాయా, నడుమనున్న చిన్న కెపాసిటర్లలో ఏదైనా ఊడిపోయిందా చూశాడు. ఈ రకం ప్రాసెసర్లకు పిన్నులుండవు. అవి బోర్డు సాకెట్‌లో ఉంటాయి, మొత్తం 1150. మా బోర్డు మూత ఎత్తి, ఫోన్ టార్చ్ వాలుగా పట్టి, మమ్మల్నీ వంగి చూడమన్నాడు. వెంట్రుకంత సన్నటి పిన్నులన్నీ నారుమడిలా ఒకే వాలున నిలబడి ఉన్నాయి. "ఒక్కటి వంగినా లైట్‌కు మెరుపు తేడా గొడ్తది సార్. పాత బోర్డు కొనేటప్పుడు ముందుగాల చూడాల్సింది ఇదే." పిన్ను వంగిన బోర్డు ఒక ర్యామ్ స్లాట్‌ను గుర్తించకపోవచ్చు, అసలు డిస్‌ప్లే రాకపోవచ్చు. బోర్డు మీద స్థూపాల్లా ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే దాన్ని ముట్టుకోకపోవడం మంచిది.

ఐ5ను ముందు ఆయన బోర్డులో వేశాడు. సీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి పేరు, కోర్లు సరిపోయాయని చూపించాడు. తర్వాత మా బోర్డులోకి మార్చి, ఎండిపోయిన పాత పేస్టు తుడిచి కొత్తది రాశాడు. ఐ3 ఖర్చు చేసే విద్యుత్తు 54 వాట్ల లెక్క అయితే ఐ5ది 84. వేడి పెరుగుతుంది కాబట్టి కూలర్ రెక్కల్లో పేరుకున్న దుమ్మంతా బ్లోయర్‌తో ఊదించాడు.

ర్యామ్ దగ్గర మరింత జాగ్రత్త పడాల్సి వచ్చింది. 8 జీబీ స్టిక్ 800 చెప్పారు. రెండు తీసుకున్నాం. బంగారు పూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మొదటిదాన్ని స్లాట్‌లో పెట్టాడు. డిస్‌ప్లే వచ్చింది, 8 జీబీ చూపించింది. మామూలుగా బేరం అక్కడ ముగుస్తుంది. నేను పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ తీసుకెళ్లాను. దాంతో నడిపిద్దామన్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. కొద్ది నిమిషాలకే తెర మీద ఎర్ర గీతలు పడ్డాయి. అంటే ఆ స్టిక్‌లో కొన్ని చోట్ల రాసింది రాసినట్టు తిరిగి రావడం లేదు. ఇలాంటి ర్యామ్‌తో కంప్యూటర్ వెలుగుతుంది, రెండు రోజులు నడుస్తుంది. తర్వాత ఎప్పుడో నీలి తెర వస్తుంది. దాచుకున్న ఫైలు పాడవుతుంది. తప్పంతా విండోస్‌దనుకుంటాం. షాపాయన మాట్లాడకుండా ఆ స్టిక్ మీద మార్కర్‌తో అడ్డగీత కొట్టి పక్కన పడేసి, ఇంకోటి తీశాడు. అది నిలిచింది. మూడోదీ నిలిచింది. డిస్‌ప్లే రావడం వేరు, పరీక్షకు నిలవడం వేరని మా వాడికి నేను చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

చౌకగా దొరికే డీడీఆర్3 ర్యామ్‌లో ఇంకో రెండు చిక్కులున్నాయి. ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసే రకం ఒకటి మార్కెట్లో తిరుగుతుంటుంది. ఇంటెల్ బోర్డులో వేస్తే డిస్‌ప్లే రాదు. సర్వర్ల నుంచి ఊడదీసిన రిజిస్టర్డ్ ర్యామ్ రెండోది. చూడ్డానికి అచ్చం మామూలుదే, మామూలు డెస్క్‌టాప్ బోర్డుకు మాత్రం పనికిరాదు. ధర మరీ తక్కువ చెబితే ఈ రెంటిలో ఏదో ఒకటి కావచ్చు. సొంత బోర్డు వెంట తీసుకెళ్తే ఈ రెండు భయాలూ ఉండవు.

అరిగేవి, అరగనివి

ప్రాసెసర్, ర్యామ్ పాతవి కొన్నాం. ఎస్ఎస్‌డీ, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మాత్రం కొత్తవే. దీనికి కారణం ఉంది. ప్రాసెసర్‌లో కదిలే భాగం లేదు. వేడి అదుపులో ఉన్నంతకాలం పదేళ్లయినా దాని పని అది చేస్తుంది. పాడైన ర్యామ్ పరీక్షలో బయటపడుతుంది. హార్డ్‌డిస్క్ అలా కాదు, లోపల పళ్లేలు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఉంటాయి. ఎస్ఎస్‌డీ సెల్స్ కూడా ఇన్నిసార్లు రాస్తే అయిపోయేవే. ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు వేడికి ఎండుతూ పోతాయి. ఎంత ఎండాయో బయటి నుంచి చూసి చెప్పలేం. అది పోయేటప్పుడు ఒంటరిగా పోకుండా బోర్డును కూడా వెంట తీసుకుపోవచ్చు.

తప్పనిసరై పాత డిస్క్ కొనాల్సివస్తే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పెట్టి చూడాలి. ఆ షాపులో ఒక పాత హార్డ్‌డిస్క్‌ను పెట్టించి మా వాడికి చూపించాను. పవర్ ఆన్ అవర్స్ అన్న చోట 30 వేలు దాటిన అంకె ఉంది. సంవత్సరానికి గంటలు 8,760. అంటే ఆ డిస్క్ మూడేళ్లకు పైగా రాత్రింబవళ్లు తిరిగినట్టు లెక్క. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్న వరసల్లో సున్నా కాక ఏ అంకె ఉన్నా ఆ డిస్క్‌ను చదువుల ఫైళ్లకు నమ్ముకోకూడదు.

256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొత్తది 1,700 అయింది. హార్డ్‌డిస్క్ సెకనుకు వంద, నూట యాభై ఎంబీలు చదివితే ఇది ఐదొందల పైచిలుకు చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్లను వెతికి తెచ్చే పనిలో తేడా అంతకు ఎన్నో రెట్లు. హెచ్81 చిప్‌సెట్‌లో నాలుగు సాటా పోర్టులుంటే అందులో రెండే వేగమైనవి. కేబుల్ ఆ రెంటిలో ఒకదానికే పెట్టించాం. ఎస్ఎంపీఎస్ 450 వాట్లది, పేరున్న కంపెనీది, 2,600. క్యాబినెట్‌తో పాటు వచ్చిన పాతదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. ఎనభై శాతం సామర్థ్యం ఉందని ధ్రువీకరించే గుర్తు దాని మీద ఎక్కడా లేదు.

మా వాడి కళ్లు మాత్రం గ్రాఫిక్స్ కార్డుల మీదే ఉన్నాయి. వాడి వయసుకు అది సహజం. పక్క షాపులో చిప్ లెవెల్ సర్వీసింగ్ చేసే నల్గొండ కుర్రాడు మరమ్మతుకు వచ్చిన ఒక కార్డు చూపించాడు. స్టిక్కర్ మీద జీటీఎక్స్ 1050 టీఐ అని ఉంది. జీపీయూ-జడ్‌లో తెరిస్తే పేరు ముందు ఫేక్ అన్న మాట వచ్చింది. 2010 నాటి జీటీఎస్ 450 చిప్‌కు బయోస్ మార్చి, 2016 నాటి కార్డు పేరు అంటించారు. అసలు 1050 టీఐలో 768 కోర్లుంటే దీనిలో 192. "వీజీఏ పోర్టు చూడుండ్రి అన్నా, గక్కడనే దొరికిపోతది" అన్నాడు. నిజమే, 10 సిరీస్ చిప్‌లలో పాత అనలాగ్ వీజీఏ సదుపాయమే లేదు. ఆర్‌ఎక్స్ 580 పేరుతో అమ్మే వాటిలోనూ 2304 కోర్ల అసలు కార్డు, 2048 కోర్ల తక్కువ రకం రెండూ ఉన్నాయి. స్టిక్కర్ చూసి తేల్చుకోలేం. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కాయిన్ మైనింగ్ పద్ధతి మానుకున్నాక, అప్పటిదాకా కాయిన్ల మైనింగ్‌లో పగలూ రాత్రీ కాగిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చెడిందని కాదు. కానీ ఫ్యాన్ శబ్దం వినకుండా, ఫర్‌మార్క్ లాంటి బరువైన పరీక్ష పెట్టి ఉష్ణోగ్రత చూడకుండా కొనకూడదు. మా వాడికి ప్రస్తుతం ప్రాసెసర్‌లో ఉన్న ఇంటెల్ గ్రాఫిక్సే చాలు. ఉద్యోగం వచ్చాక కొనుక్కుంటానన్నాడు. మంచి మాట.

ఆ నల్గొండ కుర్రాడి బల్ల దగ్గర నేను కాసేపు నిలబడిపోయాను. ఫ్లక్స్ వాసన, హాట్ ఎయిర్ గన్ చప్పుడు. బియ్యపు గింజలో సగం లేని కెపాసిటర్‌ను పట్టకారుతో ఒక డెడ్ బోర్డు నుంచి ఎత్తి ఇంకో బోర్డుకు అతికిస్తున్నాడు. మీటర్ పెట్టి లైను లైను వోల్టేజ్ చూస్తూ, ఎక్కడ షార్ట్ అయిందో పట్టుకుంటున్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బోర్డు మొత్తం మార్చాలన్న చోట అతను ఒక్క చిప్ మార్చి నిలబెడతాడు. ఇలాంటి చేతులు లేకపోతే పేద పిల్లల కంప్యూటర్లు ఎన్నో మూలన పడేవి. ఈ పనితనానికి మన దగ్గర ఉండాల్సిన గౌరవం లేదు.

ఎక్కడి నుంచి వస్తాయి, ఎక్కడికి పోవాలి

ఈ సరుకంతా ఎక్కడిదని అడిగితే షాపాయన "కంపెనీల లాట్లు సార్" అన్నాడు. ఆఫీసులు కొన్నేళ్లకొకసారి కంప్యూటర్లు మార్చేస్తాయి. లీజు తీరినవి, మార్చేసినవి లాట్ల కింద వ్యాపారుల చేతికి వస్తాయి. కొన్నిటిని తుడిచి, ఎస్ఎస్‌డీ వేసి రిఫర్బిష్డ్ పేరుతో మొత్తంగా అమ్ముతారు. కొన్నిటిని పార్టులుగా విప్పుతారు.

మొత్తం సిస్టమ్ కొనడమా, ఉన్నది బాగుచేసుకోవడమా అన్నది అక్కడ తేల్చుకోవాల్సిన పెద్ద ప్రశ్న. ఎనిమిదో తరం ఐ5-8500 ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో 14,000 చెప్పారు. ఆరు కోర్లు. పైగా విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధనల ప్రకారం ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగుస్తుందన్న సంగతి అప్పటికే అందరికీ తెలుసు. అంత డబ్బు పెట్టగలిగినవాళ్లు నాలుగో తరం మీద ఖర్చు చేయకుండా ఇలాంటిదే తీసుకోవాలి. కాకపోతే ఆ చిన్న సైజు ఆఫీసు పెట్టెల్లో ఎస్ఎంపీఎస్, బోర్డు కనెక్టర్లు ఆ కంపెనీ సొంత కొలతలవి. రేపు పోతే బయట దొరికేది సరిపోదు. బయోస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలి ఉందేమో కూడా అక్కడే చూసుకోవాలి. మా బడ్జెట్ అందులో సగం పైచిలుకు మాత్రమే కాబట్టి మేం మా దారిలోనే ఉండి, విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలని నిర్ణయించుకున్నాం. సీ, పైథాన్, డేటాబేస్, వెబ్ పేజీలు ఏవైనా అందులో హాయిగా నేర్చుకోవచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా వస్తూనే ఉంటాయి.

పాత పార్టులకు దొరికేది టెస్టింగ్ వారంటీ. మాకు నెల రోజులిచ్చారు. నోటిమాటతో వదలకుండా బిల్లు మీద పార్టు పేరు, సీరియల్ నంబర్, వారంటీ తేదీ రాయించుకున్నాను. షాపాయన కూడా ప్రతి పార్టు మీద తన స్టిక్కర్ వేశాడు. అది ఊడితే వాపసు తీసుకోరు. ఇద్దరికీ రక్షణ ఉన్న పద్ధతి ఇది. బిల్లు రాయనన్న చోట కొనకపోవడమే మేలు.

మన దగ్గర మిగిలిపోయే పాత సామాన్ల సంగతీ చెప్పాలి. హార్డ్‌డిస్క్ అమ్మేముందు మామూలు ఫార్మాట్ సరిపోదు, పోయాయనుకున్న ఫోటోలు, కాగితాలు రికవరీ ప్రోగ్రామ్‌తో తిరిగొస్తాయి. మొత్తం తుడిచే ప్రోగ్రామ్‌తో తుడవాలి. పూర్తిగా చచ్చిన బోర్డులను పాత సామాన్ల బండికి వేయొద్దు. కొన్నిచోట్ల వాటిని కాల్చి, ఆసిడ్‌లో వేసి రాగి, బంగారం తీస్తారు. ఆ పొగ, ఆ నీరు చేరేది ఆ పని చేసే కూలీల ఒంట్లోకే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం వాటిని రిజిస్టరైన రీసైక్లర్లకే చేర్చాలి.

పేస్టు, బిగింపు కూలీ 300తో కలిపి మా ఖర్చు 7,500 అయింది. పాత పార్టుల కోసం పోయి, సగానికి పైగా కొత్తవాటికే పెట్టాం. అదే సరైన పంపకం. ఇంటికొచ్చాక రాత్రంతా మెమ్‌టెస్ట్ మళ్లీ నడిపించాం, ఒక్క ఎర్ర గీత పడలేదు. మా వాడు ఇప్పుడు దాని మీదే ప్రాజెక్టు చేస్తున్నాడు.

నేను రాసిన ధరలు ఆ రోజువి. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ర్యామ్, ఎస్ఎస్‌డీ అప్పటి ధరకు దొరుకుతాయని లెక్క వేసుకోకండి. అందుకే ఇంట్లో ఉన్న పాత ర్యామ్‌ను కూడా పారేయకండి. కొనడానికి వెళ్లేటప్పుడు మీ బోర్డు, పెన్‌డ్రైవ్‌లో పరీక్ష ప్రోగ్రాములు, కాగితం మీద లెక్క వెంట ఉంచుకోండి. ప్రాసెసర్, ర్యామ్ పాతవి కొనడానికి వెనకాడకండి. ఎస్ఎంపీఎస్, డిస్క్ మాత్రం కొత్తవే కొనండి. ఏ పార్టయినా మీ కళ్లెదుట నడిచాకే డబ్బు ఇవ్వండి.